ఆరింటి దాకా ఆగే మనిషి

"ఎక్కడికి పంపాలండీ?" అని అడిగాను.

"ఎక్కడికీ కాదు. తూకం వేసి ఇచ్చేయండి చాలు," అంటూ ఆమె వీపు మీది పెద్ద బ్యాగు దించి కౌంటరు మీద పెట్టింది.

వెనక క్యూలో నలుగురున్నారు. "ఇది పార్సిల్ ఆఫీసండీ, కూరగాయల కొట్టు కాదు."

"కూరగాయల కొట్లో ఇంత పెద్ద కాటా ఉండదు కదండీ."

పక్క సీట్లో సూపర్‌వైజర్ గారు దగ్గారు. ఆయన దగ్గారంటే నవ్వు ఆపుకుంటున్నట్టు. తూకం వేశాను. పదిహేడు కిలోలు.

"పన్నెండు దాటకూడదు," అంది, దిగులుగా.

ఆమె లెక్కల టీచరు. సెలవుల్లో పద్నాలుగు వేల అడుగుల ఎత్తున్న కొండ కనుమ దాటాలని ప్లాను. గైడు లేడు, గ్రూపు లేదు. కిందటేడు గ్రూపుతో వెళితే అందరినీ ఒకే వేగంతో తోలుకెళ్లారట. తలనొప్పితో సగంలోనే దిగొచ్చింది. ఈసారి తన ఊపిరి ఎంత చెబితే అంతే నడుస్తుందట.

అప్పట్నుంచి రోజూ క్యూ తగ్గాక వచ్చేది. రెండో స్వెటరు పోయింది, సబ్బుపెట్టె పోయింది. ఒకరోజు టూత్‌బ్రష్ పిడి సగం కోసుకొచ్చింది.

"ఆరు గ్రాముల కోసమా?"

"ఎక్కేటప్పుడు తెలుస్తుంది లెండి."

కాటా పన్నెండు చూపించిన రోజు నాకే దిగులేసింది. ఇక ఆమె రావలసిన పని లేదు.

ఆమె మాత్రం ఒక కాగితం తీసింది. ఏ రోజు ఎంత ఎక్కాలి, ఎక్కడ పడుకోవాలి, ఏ రోజు ఊరికే కూర్చోవాలి, అన్నీ ఉన్నాయి. అడుగున: 'గురువారం సాయంత్రం ఆరింటిలోపు ఫోన్ రాకపోతే రెస్క్యూ టీంకి చెప్పవలసినవారు.' దాని పక్కన ఖాళీ.

"అమ్మయితే నేను బస్సెక్కక ముందే చెప్పేస్తుంది. అన్నయ్య ఫోన్ సైలెంట్‌లో పెట్టి నిద్రపోతాడు. గంట ముందు కంగారు పడకూడదు, గంట ఆలస్యమూ చెయ్యకూడదు. అలాంటి మనిషి కావాలి."

"గడువు దాటకుండా పార్సిల్ రాలేదని కంప్లైంట్ ఇస్తే మేం తీసుకోమండీ."

"అందుకే మీ దగ్గరికొచ్చాను."

నా పేరూ నంబరూ రాసి, సంతకం పెట్టాను.

గురువారం నాలుగింటికి వాన మొదలైంది. అయిదున్నరకి కౌంటరు మూసేశాం. ఎప్పుడూ ఒక్క నిమిషం ఎక్కువ కూర్చోని సూపర్‌వైజర్ గారు కుర్చీ మళ్లీ దగ్గరికి లాక్కున్నారు.

"నాకూ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరులే," అని ఫ్లాస్కులోని టీ సగం నాకు పోశారు.

పది తక్కువ ఆరుకి రెస్క్యూ నంబరు ముందు పెట్టుకున్నాను. ఇంకో ఆరు నిమిషాలకి ఫోన్ మోగింది.

"దిగొచ్చేశానండీ," అంది. గొంతు బొంగురుపోయింది. "పైన తలనొప్పి పట్టుకుంది. ఒక రోజు ఆగి చూసి, కనుమ దాటకుండానే వెనక్కి తిరిగాను."

"కనుమ ఎక్కడికి పోతుంది లెండి."

"కంగారు పడ్డారా?"

"ఇంకా ఆరు కాలేదు కదండీ."

"నిజం చెప్పండి."

"నాలుగింటి నుంచీ."

వాన చప్పుడు రెండు వైపులా వినిపించింది.

వారం తిరక్కుండానే కొత్త కాగితంతో వచ్చింది. అదే కనుమ, వచ్చే సెలవులు. అడుగున అదే ఖాళీ. నేను పెన్ను తీశాను. ఆమె కాగితం వెనక్కి లాక్కుంది.

"అక్కడ మీ పేరు వద్దు."

నేను పెన్ను దించాను. "నాలుగింటికే కంగారు పడ్డాననా?"

"కాదు," అని కాగితం నా వైపు తిప్పింది. పైన రాసి ఉంది: 'టెంటు మోసేది నేను. స్టవ్వు, గిన్నెలు మీరు.' ఆమె నా కళ్లలోకి చూడకుండా కాటా వైపు చూస్తూ అంది, "నాతో వచ్చే మనిషి ఇక్కడ కూర్చుని ఎలా ఎదురుచూస్తాడు?"

నేను ఏమన్నానో నాకే గుర్తులేదు. సరేనని మాత్రం ఆమెకి అర్థమైంది.

సూపర్‌వైజర్ గారు దగ్గారు. కాగితం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఖాళీలో పొందిగ్గా సంతకం చేశారు.

"నాదొక్కటే షరతమ్మా," అన్నారు. "ఆరింటి దాకా నావల్ల కాదు. అయిదింటికే ఫోన్ చెయ్యండి."