మంచులో నిలబడ్డ ఎతెల్కా

సిటీబస్సులో పక్క సీటావిడ హైమవతిని చూసి మర్యాదగా నవ్వింది. ఆ వెంటనే హైమవతి చెవిలోని ‘మౌనవాచి’ ఆవిడ లోపలి మాట వినిపించింది: “మనిషి బాగానే ఉంది, చీరే బాలేదు.” పెదవి కదపకుండా అనుకునే మాటకు కూడా గొంతు దగ్గర సన్నటి అదురు పుడుతుంది. దాన్ని మాటగా మార్చే ఆ యంత్రం వచ్చాక విశాఖలో మౌనమన్నది మిగల్లేదు.

అందుకే హంగేరీ దర్శకుడు లోరాంద్ సాలాయ్ సినిమాలకు జనం కరువయ్యారు. ఆయన సినిమాల్లో మనుషులు మాట్లాడరు, నడుస్తారు, ఎదురుచూస్తారు. ఆయన్ని పిలిపించిన ఫిలిం క్లబ్బు కార్యదర్శి హైమవతి, ఖాళీ కుర్చీలకు భయపడి, ఆ సాయంత్రం సినిమాకు, తెరమీది గొంతుల అదురును కూడా చదివే పెద్ద మౌనవాచిని జోడించనిచ్చింది.

“ఏటి మేడమ్, అలగున్నారు? జనం బాగానే వచ్చీసినారు కదా” అన్నాడు యంత్రం నడిపే సింహాద్రి.

“పెద్దాయన ఏమనుకుంటారోనని.”

తెరమీద, రాని భర్త కోసం చూసే పల్లె స్త్రీగా ఎతెల్కా మంచులో నిలబడింది. దర్శకుడి భార్య; చనిపోయి చాలా ఏళ్లయింది. కెమెరా కదలలేదు. ఆ నిశ్శబ్దానికి పండితులు ఎన్ని అర్థాలు చెప్పారో!

మౌనవాచి ఆమె గొంతు అదురును పట్టుకుని తెలుగులో పలికింది.

“కాళ్లు మొద్దుబారిపోయాయి. ఈయన ఇంకా కట్ చెప్పడేం?”

హాలంతా నవ్వింది. మధ్య వరుసలో, మెడలోని అనువాద యంత్రం ‘అనువాదిని’ ద్వారా విని లోరాంద్ కూడా నవ్వాడు.

“నడుం లాగేస్తోంది. కాస్త ఓర్చుకో, చిన్నా. షాట్ అవగానే నీ సంగతి మీ నాన్నకి చెబుతాను.”

నవ్వులు ఆగిపోయాయి.

“అయ్యో, తడి... వద్దు చిన్నా, వెళ్లిపోకు.”

తెరమీది ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

“ఆపెయ్, సింహాద్రీ!” అని అరిచింది హైమవతి. యంత్రం ఆగింది. బొమ్మ నడుస్తూనే ఉంది.

లోరాంద్ మెల్లగా వెనక్కి తిరిగాడు. మెడలోని అనువాదిని ఆయన మాటలను తెలుగులో పలికింది.

“ఈ షాట్ తీసిన వారం జ్వరమని పడుకుంది. నాకేమీ చెప్పలేదు. మాకు పిల్లలు లేరు... ఇది నిజమేనా?”

సింహాద్రి తల దించుకున్నాడు. “మిసన్ను అబద్ధమాడదు బాబూ. ఆడితే బాగున్ను.”

లేవబోయిన ఆయన్ని హైమవతి పట్టుకుంది. ఆయన చెయ్యి విడిపించుకుని, కుర్చీల అంచులు పట్టుకుంటూ తెరదాకా నడిచాడు. భార్య పాదాల దగ్గర ఆగి, తలెత్తి ఏదో అన్నాడు. అనువాదిని దాన్ని హాలంతటికీ వినిపించింది.

“చాలు, ఎతెల్కా. ఇక లోపలికి రా.”

షాట్ ముగియడానికి ఇంకా చాలాసేపు ఉంది.