మూడో షెడ్డులో అత్తగారు

"ఈ బండి ఇక అంగుళం కూడా కదలదు. కపాసా మీద ఒట్టు."

ఆరేళ్ళ కిందట మా కుర్ర క్లీనరు కపాసా సమాధి మీద ఎర్రమట్టి ఇంకా ఆరకముందే మా డిపో మేనేజరు అన్న మాట ఇది. అక్కడున్న మేమంతా విన్నాం.

అదే బస్సు డిసెంబరు ఒకటి నుంచి ఆసుపత్రి నర్సులను ఎక్కించుకుని తిరుగుతుందట. నీలం రంగు కూడా వేసేశారు.

మా రాగి గనుల ఊళ్ళో ఆ బస్సు ఉండే మూడో షెడ్డు మాటెత్తితే ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. వాన పడే రాత్రి లోపల ఎవరో ఆడమనిషి మూలిగేదని... తెల్లారి తాళం తీస్తే బస్సు అడుగు ముందుకొచ్చి ఉండేదని... కపాసాను గోడకు నొక్కి చంపింది దెయ్యమేనని సగం ఊరి నమ్మకం. డ్రైవరు చిషాలా హ్యాండ్‌బ్రేకు వెయ్యలేదని మిగతా సగం. కంపెనీకి రెండూ ఇష్టమే. దెయ్యాన్ని విచారణకు పిలవలేరు. చిషాలాను మాత్రం పిలిచారు, ఉద్యోగం పీకేశారు. చక్రం యజమానిది, నెత్తురు కార్మికుడిది, నేరమూ కార్మికుడిదే!

ఆరేళ్ళు నోరెత్తని షెడ్డు పోయిన గురువారం తొలి వానకు మళ్ళీ మూలిగింది.

ఆదివారం రాత్రి మబ్బు పట్టగానే చిషాలా తాత గుమ్మం ముందు నిలబడ్డాను.

"దెయ్యానికి నీ కరపత్రం చదివి వినిపిస్తావా ఏంటి?" అన్నాడు తాత.

"నిజం చూడాలి తాతా. నర్సులు ఎక్కే బండి అది."

"అయితే గొడుగు తెచ్చుకో. విప్లవానికీ జలుబు చేస్తుంది."

కాపలాదారు న్సోఫ్వా తాళం తీసి వెనక్కి జరిగాడు. "లోపలికి నన్ను లాగకండి. నేను మిమ్మల్ని చూళ్ళేదు, మీరు నన్ను చూళ్ళేదు."

లోపల మసక చీకటి. డీజిలు వాసన, కొత్త రంగు వాసన. కప్పు రేకు చిల్లులోంచి వాన నేరుగా ఇంజను మూత మీద పడుతోంది... టప్... టప్...

తాత బస్సు పక్కన చెయ్యి ఆనించి నడిచాడు. పాత శత్రువును పలకరించినట్టు మాట్లాడాడు.

"ఈవిడ స్టీరింగు తిప్పాలంటే రెండు పూటల న్షిమా ముద్ద తిని రావాలి. తలుపు తన్నితే గాని తెరుచుకోదు. హారను ఎడమ మలుపులోనే మోగుతుంది. మూడో గేరు వేస్తే రాడ్డు మోకాటికి తగిలేది. పాత డ్రైవర్లను చూడు, అందరం ఒకే కాలు కుంటుతాం. అందుకే ఈవిడకి అత్తగారని పేరు."

"సాధిస్తుందనా?"

తాత నవ్వలేదు. "మనలో అల్లుడు అత్తగారికి ఎదురుపడతాడా?"

"పడడు. దారి వదిలి పక్కకు తప్పుకుంటాడు."

"మరి నువ్వెక్కడ నిలబడ్డావ్?"

చూసుకున్నాను. రేడియేటరు ముందు. వీపు వెనక గోడ.

అప్పుడే వినిపించింది —

ఊ... ఊ... ఊ...

గొంతు నులిమినట్టు ఏడుపు. ఇంజనులోంచి కాదు, భూమిలోంచి వస్తున్నట్టుంది. దీపాల్లేవు. సీట్లో మనిషి లేడు. బస్సు వణికింది... ఆగింది... మళ్ళీ వణికి, ఒక్క కుదుపుతో ముందుకొచ్చింది. చల్లటి ఇనుము నా చొక్కా గుండీలకు తగిలింది.

"పక్కకి రా!"

తాత చెయ్యి నన్ను లాగేసింది. నేను నిలబడ్డ చోట ఇప్పుడు పుస్తకం పట్టే సందు కూడా లేదు.

మూలుగు ఆగింది. వాన ఒక్కటే... టప్... టప్...

"దెయ్యం..." అన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అన్నాను.

"స్టార్టరు," అన్నాడు తాత, ఊపిరి పీలుస్తూ. "వైరు తోలు ఊడింది. తడిస్తే దానంతటదే తిరుగుతుంది. బ్యాటరీ తీసిన ఆరేళ్ళు నోరు మూసుకుంది. మొన్న కొత్తది పెట్టారుగా."

"తిరిగితే మాత్రం బండి ఎలా కదులుతుంది?"

"హ్యాండ్‌బ్రేకు పట్టదు. గేర్లో పెట్టి దిగమని కంపెనీ ఆర్డరు. గేర్లో ఉన్న బండికి స్టార్టరు అందుకుంటే ఇంతే."

"చెప్పలేదా?"

"పదకొండు సార్లు రాసిచ్చాం. చించేశారు. పైకి మాట్లాడితే ఉద్యోగం పోతుంది. అందుకని పేరు పెట్టాం. కొత్తవాడెవడైనా 'అత్తగారు' అనగానే ఎదుట నిలబడడని..." తాత బస్సు అద్దం వైపు తిరిగాడు. "కపాసాకి పెళ్ళి కాలేదు. 'నాకు అత్తే లేదు, నాకేంటి' అని నవ్వుతూ ఎదురెళ్ళి అద్దం తుడిచాడు. వాన పడుతోంది. విడమరిచి చెప్పాల్సింది. నేనూ వాడితో పాటు నవ్వాను."

నా నినాదాల్లో ఆ మాటకు సరిపడేది ఒక్కటీ లేదు.

తాత మూత ఎత్తి, మసక కళ్ళతో కాకుండా వేళ్ళతో వెతికాడు. వేళ్ళు ఒకచోట ఆగిపోయాయి.

"టార్చి వెయ్యి."

వేశాను. ఆ వైరు మీద నల్లటి టేపు చుట్టి ఉంది. కొత్తది. మెరుస్తోంది. తడికి అప్పుడే సగం ఊడి వేలాడుతోంది.

"మేం గుడ్డ పీలికలు కట్టేవాళ్ళం," అన్నాడు తాత గుసగుసగా. "ఇది మాది కాదు."

నా వెన్ను అప్పుడు జలదరించింది. బస్సు కదిలినప్పటి కంటే ఎక్కువ.

మేనేజరు గారూ, వైరు సంగతి మీకు తెలుసు. తెలిసే టేపు చుట్టించారు, పైన రంగు వేయించారు. ఆ బండిని ముక్కలు చేయిస్తారా లేదా? చిషాలా తప్పు లేదని కాగితం మీద రాసిస్తారా లేదా? ఈ కరపత్రానికి జవాబు డిపో గేటుకు అంటించండి, ఊరంతా చదవాలి.

గడువు: నవంబరు 28, సాయంత్రం ఐదు గంటలు.