చోటు మారిన చింతమొద్దు గుంత

గుంత నడిచి వెళ్తుందని బిందుమాధవితో ఇంతవరకూ ఎవరూ అనలేదు. భర్తలు తప్పిపోవడం చూసింది, బంగారం మాయమవడం చూసింది, గుంత మాత్రం కొత్త. అందుకే అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనకున్న తన డిటెక్టివ్ ఆఫీసులో ఆ మాట వినగానే కాఫీ పక్కన పెట్టేసింది.

“మూడు మూరలు మా వైపుకొచ్చేసిందమ్మా,” అంది ఎదురుగా కూర్చున్న దేముడమ్మ. నలభై అయిదేళ్ల మనిషి. చీడికాడ దగ్గర పల్లెలో సొంత బెల్లం గానుగ నడుపుతోంది. మొగుడు పోయాక దాన్నే నమ్ముకుని కూతుర్ని చదివించింది. మాట మాటకీ దగ్గుతోంది.

విషయం ఇది. ఆమెకీ, మరిది నానాజీకీ పొలం హద్దు ఒక చింతచెట్టు. మొన్న గాలికి అది కూలింది. మిగిలిన మొద్దు ట్రాక్టరుకి అడ్డమని విశాఖ నుంచి మొద్దు నమిలే మిషను తెప్పించారు. అది మొద్దుని పొట్టు పొట్టు చేసి, ఆ చెక్కపొట్టుతోనే గుంత నింపేసి పోయింది. ఇక ఆ పొట్టు కోసం తగువు. పొయ్యిలోకి కావాలని వదిన, బంతి మొక్కల మొదట్లో పరచాలని మరిది. “సర్వేయరు వచ్చి రాయి పాతేదాకా పొట్టు ఎవరూ ముట్టుకోవద్దు. గుంత ఎక్కడుంటే హద్దు అక్కడే,” అని ఊరి పెద్దలు తేల్చేశారు.

“నాతవరంలో పెళ్లికెళ్లి వచ్చేసరికి గుంత జరిగిపోయింది. రేపే సర్వేయరొత్తాడు. రాయి అక్కడ పడితే దారి ఇరుకైపోయి గానుగకాడికి ట్రాక్టరు రాదు. చెరకు రాపోతే నా బతుకేటి?”

“ఇంటి దగ్గర ఎవరున్నారప్పుడు?”

“మా అమ్మాయి సుప్రియ. ఒంట్లో బాగోనేదని ఉండిపోయింది. ఇంకెవురమ్మా, ఇది నానాజీ పనే. ఊరందరి ముందూ దొంగనే అన్నాను.”

“ఆ దగ్గు ఎన్నాళ్లనుంచి?”

“పొయ్యి పొగకి. డాక్టరు గానుగ మానెయ్యమన్నాడు. వాళ్లకేటి, అలాగే సెప్తారు.”

మధ్యాహ్నానికి బిందుమాధవి పొలంలో ఉంది. వెంట అసిస్టెంటు త్రినాధరావు. రిటైరైన కాంపౌండరు. వయసులో ఆమెకన్నా పెద్దవాడే గానీ, ఆవిడ తుమ్మినా అందులో ఏదో క్లూ ఉంటుందని ఆయన నమ్మకం.

గుంత నిండా ఎర్రటి చెక్కపొట్టు. చూడ్డానికి ఏ అనుమానమూ లేదు. నానాజీ బంతితోటలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

“గుంత మీ వైపు నుంచి జరిగిందంటున్నారు,” అంది బిందుమాధవి.

“పెద్దలు గుంతే హద్దన్నారు. గుంత అక్కడుంది. నన్నేటి సెయ్యమంటారు?”

“మొద్దు కూడా అక్కడే ఉండేదా?”

నానాజీ తల గోక్కున్నాడు. “ఇంకొంచెం ఇటుండేదనుకుంటాను. కలిసొచ్చినదాన్ని కాదనడానికి నాకేటి పిచ్చా?”

“మీకూ గానుగ ఉందా?”

“చెరకు మానేసి రెండేళ్లయింది. బంతే ఏత్తన్నాను. ఈ చుట్టుపక్కల నడుత్తన్న గానుగ మా వదినదొక్కటే.”

ఇంతలో త్రినాధరావు పంచె ఎగ్గట్టి గంతులు మొదలుపెట్టాడు. “చీమలు మేడమ్. గుంతలో పుట్టెడు ఉన్నాయి.”

బిందుమాధవి ఆయన్ని వదిలేసి చీమల్ని చూస్తూ కూర్చుంది. చెయ్యి పొట్టులోకి మోచేతిదాకా పెట్టి, తీసి, వేళ్లు వాసన చూసుకుంది.

గానుగ దగ్గర సుప్రియ టీ తెచ్చింది. అనకాపల్లిలో ఒక వైద్య పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, మాటకారి. గ్లాసుల్ని చున్నీ చెంగుతో పట్టుకుని అందించింది. త్రినాధరావు ఒక గుటక వేసి, చల్లారిపోయిన టీ అని మొహం ముడుచుకున్నాడు.

“మేడమ్, నానాజీయే. లాభం అతనిదే,” అని గొణిగాడు.

“గునపం పట్టండి రావుగారూ.”

సాయంత్రం అందరినీ గానుగ పాక దగ్గరికి రమ్మంది. పెనంలో పాకం ఉడుకుతోంది. పొయ్యి ఎగదోసే బుజ్జి ఒక పక్క, వదినా మరుదులు ఎడమొహం పెడమొహంగా చెరో పక్క, తల్లి వెనక సుప్రియ.

“గుంత పక్కల్లో గునపం వెన్నలోకి దిగినట్టు దిగింది,” అంది బిందుమాధవి. “ఏళ్లనాటి చింతచెట్టుకి ఒక్క వేరైనా ఉండాలిగా. నానాజీ గారి వైపు మూడు మూరల అవతల పొడిస్తే నాలుగు వైపులా వేర్లే. అసలు గుంత అదే. పొట్టు ఎత్తి, మట్టి కప్పి, ఇక్కడ కొత్త గుంత తవ్వారు.”

“సెప్పేనా నేదా?” అంది దేముడమ్మ మరిదిని చూస్తూ.

“ఆగండి. మట్టిలో కలిసిపోయిన పొట్టంతా రాలేదు. కొత్త గుంత నిండలేదు. అప్పుడు అడుగున వేరేది వేసి, పైన పొట్టు పరిచారు. చింతచెక్క కోసం చీమలు బారులు కట్టవు. అడుగున ఉన్నది పచ్చి చెరకు పిప్పి. గానుగ ఉన్న ఇంట్లో ఏది తక్కువైనా పిప్పితోనే నింపుతారు, అలవాటు. నానాజీ గారికి చెరకే లేదు. ఆయన తోటలో ఎండుగడ్డి వాములున్నాయి, అది వదిలేసి పిప్పి కోసం మీ పాకలోకి ఎందుకొస్తారు?”

బుజ్జి కంగారుపడ్డాడు. “నాను పెళ్లికే ఎల్లేనండి, అమ్మగారితోటే.”

“తెలుసు. ఇక మిగిలింది ఒక్కరు. చల్లటి టీ గ్లాసుని కూడా చున్నీతో పట్టుకున్నారు. అరచేతులు చూపించమ్మా సుప్రియా.”

సుప్రియ చూపించింది. రెండు చేతులా పార పట్టిన బొబ్బలు.

“నానేనమ్మా,” అంది. “ట్రాక్టరు రాపోతే గానుగ ఆగిపోద్ది, గానుగాగితే పొగ ఆగిపోద్ది. ల్యాబులో రోజూ చూత్తన్నాను నీలాంటోళ్లని. నాకు భయమేసింది.”

“నన్నడగొచ్చు గదే.”

“అడిగేను. రోజూ అడిగేను. దగ్గుకుంటూనే నేదన్నావు.”

దేముడమ్మకి దగ్గొచ్చింది. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, కూతురి భుజం పట్టుకుంది. త్రినాధరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మరిదీ,” అంది దేముడమ్మ చివరికి. “దొంగన్నాను, తప్పే. రేపు అందరి ముందూ సెప్తాను. రాయి మాత్రం పాత సోటే పడాల.”

“పడనీ వదినా.” నానాజీ నేల చూపులు చూశాడు. “నాకు తెలిసీ నోరు మూసుకున్నాను. నాదీ తప్పే.”

“ఆ పొట్టు నువ్వే పట్టుకెళ్లు. బంతికి ఏసుకో.”

“మరి నీ పొయ్యికి?”

దేముడమ్మ కూతురి బొబ్బల చేతిని తిప్పి తిప్పి చూసింది.

“పారైనా సరిగా పట్టుకోడం రాదు నీకు,” అంది. తర్వాత బుజ్జి వైపు తిరిగింది. “ఈ పాకం దించేసి పొయ్యి ఆర్పీరా. రేపు రాయి పడ్డాక ట్రాక్టరుని రమ్మను. ఆ దారంటే మన చెరకు, దూరమైనా సరే, వేరే గానుగకి తోలేద్దాం.”

బుజ్జి పొయ్యిలోకి పిప్పి వెయ్యడం ఆపి, పాకం గరిటె అందుకున్నాడు.