గళ్ళు అలలైన రోజు

"యాప్‌గారూ! నా గళ్ళనేం చేశారు?"

తలెత్తేసరికి ఎదురుగా ఒక ఫోను, దాని వెనక మండిపోతున్న రెండు కళ్ళు. ఆమె బట్టల దుకాణం యజమాని కూతురు. బట్టల మీద డిజైన్లు గీసేదీ, ఫొటోలు తీసేదీ ఆమే. దుకాణంలోనే ఓ మూల కూర్చుని దానికి యాప్ తయారు చేస్తున్న కుర్రాడు గబుక్కున కుర్చీలోంచి లేచాడు.

స్క్రీన్ మీద నీలం బట్ట ఉంది. దాని మీద సన్నటి గళ్ళు లేవు. వంకర టింకర అలలున్నాయి.

"మీ ఫొటోలు మరీ పెద్దవండీ. అన్నీ తెరిస్తే మెమరీ నిండిపోయి యాప్ మూతపడుతోంది. అందుకే చిన్నవి చేశాను."

"చిన్నవి చెయ్యమంటే చెడగొట్టమనా? సాయంత్రం నాన్న చూస్తాడు. నచ్చకపోతే యాప్ వద్దనేస్తాడు, తెలుసా?"

వద్దంటే ఇక కుర్రాడికి ఈ గుమ్మం తొక్కే పనే ఉండదు. ఫోన్లో అడిగితే సరిపోయే సందేహాలకు కూడా అతను పనిగట్టుకుని ఇక్కడికే వస్తున్నాడు మరి.

"కాస్త పక్కన కూర్చుంటారా? గళ్ళు సరిగ్గా వచ్చాయో లేదో మీరే చెప్పాలి."

ఆమె కుర్చీ లాక్కుంది. అతనికి టైపింగులో తప్పులు మొదలయ్యాయి.

"ఇదిగో, దొరికింది! ఫొటో అంటే రంగు చుక్కలే కదా, చిన్నది చేసే తొందరలో మధ్యమధ్య చుక్కలు వదిలేశాను. వాటితోపాటు మీ గీతలూ కొన్ని పోయి, మిగిలినవి అలల్లా కనిపిస్తున్నాయి. వదిలెయ్యకుండా, పక్కపక్క చుక్కల రంగులు కలిపి ఒక్కటి చెయ్యాలి."

"రంగులు కలపడమా? నన్నడిగితే చెప్పేదాన్నిగా!"

"అడుగుదామనే వస్తాను. మిమ్మల్ని చూడగానే మర్చిపోతాను."

ఆమె చటుక్కున అతని వైపు చూసింది. అతను చటుక్కున స్క్రీన్ వైపు చూశాడు.

పని జోరందుకుంది. స్క్రీన్ మీద ఫొటోకున్న చోటు ఎంతుంటే ఫొటో అంతే సైజులో తెరుచుకునేలా రాశాడు. వేళ్ళతో పెద్దది చేస్తే, ఆ ముక్క మాత్రమే అసలు ఫొటోలోంచి వస్తుంది. ఆమె ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని "ఊహూఁ" అంటూనే ఉంది. ఉన్నట్టుండి అరిచింది.

"వచ్చాయి! నా గళ్ళు వచ్చేశాయి!"

అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఊపడం ఆగింది గానీ, చెయ్యి వదల్లేదు.

గుమ్మంలో యజమాని దగ్గిన చప్పుడుకు వదిలింది.

ఆయన తన పాత ఫోను తీసి బొటనవేలితో సర్రున జరిపాడు. బట్టలన్నీ ఎక్కడా ఆగకుండా జారిపోయాయి. ఒకదాన్ని పెద్దది చేసి పోగు పోగూ చూశాడు.

"భేషుగ్గా ఉంది. ఇక నీ పని అయిపోయినట్టేగా బాబూ?"

కుర్రాడు ఉన్నమాట అనేశాడు.

"పని అయిపోయిందండీ. కానీ నాకు రావాలనే ఉంది... మీ అమ్మాయి కోసం."

యజమాని కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

"రమ్మను నాన్నా," అందామె, నేల చూపులు చూస్తూ.

"అయితే ఆదివారం ఇంటికి రా బాబూ. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురా."

అతను ఎలా తలూపాడో, ఎలా బయటపడ్డాడో అతనికే తెలీదు. వీధిలో వాన దంచుతోంది.

"ఏమండీ! మీ ల్యాప్‌టాప్!"

వెనక్కి తిరిగాడు. గొడుగు కింద ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని ఆమె పరుగెత్తుకొస్తోంది. అతను తడిసి ముద్దయ్యాడు.

"అలా చూస్తారేం? లోపలికి రండి," అంటూ గొడుగు అతని వైపు వంచింది.