మూడో పిలుపు

సారంగాపూర్ దాటి ధర్మపురి వైపు పోయే కాలువ గట్టు మీద మొండి తూము అని ఒకటుంది. దాని తలుపు ఎప్పుడో ఊడిపోయింది, మళ్లీ ఎవరూ బిగించలేదు. చీకటి పడితే గొర్లు కాసేవాళ్లు కూడా ఆ గట్టు ఎక్కరు. తూము కింద నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట — అది కూడా మనకు తెలిసిన గొంతుతోనే.

నేను ఇవన్నీ నమ్మేవాణ్ని కాదు. అయినా వీరేందర్ నోటి నుంచి ఈ సంగతి విన్నాక, ఆ దారిన పోవాల్సి వస్తే చుట్టు తిరిగే పోతున్నాను. దయ్యం భయంతో కాదు.

వీరేందర్‌కు కోరుట్లలో సైకిల్ షాపుంది. సిరిసిల్ల హరిప్రసాద్ అతనికి జోడు. హరివాళ్లు నేతపని వాళ్లు. పగలంతా సాంచల, అంటే మరమగ్గాల, మోతలో నిలబడి బట్ట నేసేవాడు, సాయంత్రం సైకిలెక్కేవాడు. ఇద్దరూ కలిసే సాధన చేసేవారు, పోటీలకూ కలిసే పోయేవారు. తేడా ఒక్కటే — ఎప్పుడూ హరి ముందు, వీరేందర్ వెనక.

హరి వయసులో చిన్నవాడు. "వీరన్నా" అని నోరారా పిలిచేవాడు. అందులో ప్రేమ తప్ప ఏమీ లేదు. కానీ ఎప్పుడూ వెనకబడేవాడికి ప్రేమ కూడా గుచ్చుకుంటుంది.

నిరుడు చలికాలంలో పెద్ద పోటీ పెట్టారు. సిరిసిల్లలో మొదలుపెట్టి కోరుట్ల, జగిత్యాల మీదుగా ధర్మపురి గోదారి ఒడ్డు దాకా పోయి, మళ్లీ సిరిసిల్లకు రావాలి. తారు రోడ్డు కొంత, చెరువు కట్టలు కొంత, కాలువ గట్ల మీద మొరం దారి ఇంకొంత. పగలు బయలుదేరితే తెల్లారేదాకా తొక్కుడే. గెలిచినవాడికి రాష్ట్ర జట్టులో చోటు. వీరేందర్‌కు వయసు మీరిపోతోంది, ఇంకో పోటీ దాకా ఆగే వీలు లేదు.

బయలుదేరే ముందు నాయనమ్మ గంగవ్వ అతని నుదుట ఇంత బూడిద రాసింది.

"కొడుకా, తూము కాడ ఎవలన్న పిలిస్తె పలుకకు. మూడోసారి పిలిస్తెనే పలుకాలె. దయ్యానికి రెండే పిలుపులు. మూడోది పిలిచేటిది మనిషే."

ఈ మాట మా దిక్కు చిన్నప్పటి నుంచి చెవుల్లో పోస్తారు. ఎంత చదువుకున్నా లోపల ఎక్కడో అట్లాగే ఉంటుంది.

ధర్మపురి నుంచి తిరుగు దారి. చంద్రుడు లేడు. మిగతావాళ్లంతా ఎక్కడో వెనకబడిపోయారు. ముందు, హరి సైకిల్ వెనకున్న ఎర్ర లైటు ఒక్కటే కనిపిస్తోంది. ఆ లైటు మలుపు తిరిగింది... మళ్లీ కనిపించలేదు.

"ఉరికిచ్చిండనుకున్న" అన్నాడు వీరేందర్, తన షాపులో కూర్చుని నాతో.

తూము దగ్గరికి వచ్చాడు. మొరం మీద టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు — కింద నుంచి —

"వీరన్నా..."

సన్నగా ఉంది. హరి గొంతే.

బ్రేకు పట్టాడు. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు పెడల్ మీద. అంత చలిలోనూ ఒళ్లంతా చెమట. కిందికి చూడలేదు.

"వీరన్నా..."

రెండు.

ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మూడోది వస్తే దిగుదామనుకున్నాడట. కీచురాళ్లు అరుస్తున్నాయి... గాలికి తుంగ కదిలింది... మూడోది రాలేదు.

ఇంకేముంది, దయ్యమే! ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కాడు.

జగిత్యాల దగ్గర పోటీవాళ్లు టెంటు వేసి నీళ్లిస్తున్నారు. అక్కడున్న నవ్య అనే అమ్మాయి అతన్ని చూసి చప్పట్లు కొట్టింది.

"అన్నా, ఫస్ట్ నువ్వే అచ్చినవ్!"

"హరి... పోలేదా?"

"ఇంక రాలే."

ఇక్కడిదాకా చెప్పి వీరేందర్ ఆగాడు. విప్పిన చక్రం ఒకటి చేతిలో పెట్టుకుని ఊరికే తిప్పుతున్నాడు. నేను ఉండబట్టలేకపోయాను.

"అప్పుడన్న చెప్పొద్దా నువ్వు!"

"దారి తప్పిండేమో అనుకున్న..."

అనుకున్నాడట! నాకు ఒళ్లు మండింది. దయ్యం ఎంత పని చేసిపెడుతుందో చూశారా? అది దయ్యమని నమ్మితే కిందికి దిగే పని తప్పుతుంది, మొదటి స్థానం కూడా దక్కుతుంది. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ సైకిలెక్కాడు.

తెల్లారుతుండగా సిరిసిల్లలో మెడలో దండ వేశారు. ఆ దండ మెడలో ఉండగానే ఫోన్ వచ్చింది. వెనక వచ్చిన వాళ్లకు తూము రాళ్ల మధ్య ఎర్ర లైటు కనిపించిందట. దిగి చూస్తే హరి. సైకిల్ జారి కింద పడ్డాడు, రొమ్ము రాయికి కొట్టుకుంది. పడ్డాక కొంతసేపు బతికే ఉన్నాడని డాక్టర్ చెప్పాడు. గట్టిగా అరిచే ఊపిరి మాత్రం ఉండి ఉండదన్నాడు.

రెండు పిలుపులకు సరిపోయింది.

హరి భార్య రజిత శవం పక్కన కూర్చుని వీరేందర్‌ను ఒకటే మాట అడిగింది.

"అన్నా, నువ్వు ఎనకనే ఉన్నవు గద. మా ఆయన నిన్ను పిలువలేదా?"

"లేదు చెల్లె" అన్నాడు.

ఆ తర్వాత రాష్ట్ర జట్టుకు పోలేదు. అదేదో గొప్పతనమని నేను అనను.

"మొన్న అమాసకు మళ్ల పోయిన, తూము కాడికి" అన్నాడు వీరేందర్, గొంతు బాగా తగ్గించి. "పిలిచిండు."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"ఒక్కసారే అయితే దయ్యమే గద" అన్నాను. కోపంతో అన్నానో, ధైర్యం చెప్పడానికి అన్నానో నాకే తెలియదు.

అతను తల అడ్డంగా ఊపాడు.

"రెండు అప్పుడే అయినయ్... గిది మూడోది."

షాపు బయట బస్సు హారన్ మోగుతున్నా నాకు వినిపించనట్టే ఉంది.

"మరి... పలికినవా?"

చక్రాన్ని చేత్తో పట్టి ఆపాడు.

"లే. పలికితె, వాడు పిలిచిండని ఒప్పుకున్నట్టే గద... రజితకేం చెప్పాలె?"