అమ్మ పాదం కాల్చిందెవరు?

"నా పెళ్లామే! మరిగే నీళ్లలో అమ్మ కాళ్లు పెట్టించింది," యుగంధర్ అరుపు ఆసుపత్రి వార్డంతా వినపడింది.

అతని భార్య రాణి గోడకు అతుక్కుపోయింది. "నాను పెట్టనేదు వదినా. అమ్మతోడు!"

విశాఖ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన సుహాసిని తమ్ముణ్నీ మరదల్నీ మార్చిమార్చి చూసింది. డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లాడు. షుగరున్న తల్లి దానమ్మ కుడికాలి వేళ్లు రెండు ఈరోజే తీసెయ్యాలి. చీము పైకి పాకితే పాదమే పోతుంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఎండ ఇసకలో ఊళ్లు తిరిగి, పిల్లలిద్దర్నీ చదివించిన పాదం!

"ఎలా కాలిందమ్మా?"

"పొయ్యి కాడ నిప్పు తొక్కీసినాను. ఒగ్గీయే."

కొడుకు నీళ్లంటాడు. తల్లి నిప్పంటుంది. సుహాసినికి ఒళ్లు మండింది. నర్సు కట్టు విప్పుతుంటే వంగి చూసింది. అరికాలి మీద రూపాయి బిళ్లంత మచ్చలు, వరసగా. నీళ్లు అలా కాల్చవు. నిప్పూ కాల్చదు.

ఆ వరసలు ఆమెకు తెలుసు. ఏ వైద్య పరికరం జబ్బుకు నిజంగా పనిచేస్తుంది, పెట్టే ఖర్చుకు తగ్గ మేలుందా లేదా అని తేల్చడమే ఆమె ఉద్యోగం. వేడి బిళ్లలతో పాదాలు మర్దన చేసే మిషన్ని పోయినేడు ఆమే పరీక్షించింది. షుగరుకు పైసా మేలు లేదని, స్పర్శ తెలియని కాళ్లకు ప్రమాదమని కుండబద్దలు కొట్టింది.

"ఇంట్లో పాదాల మిషనుందా?"

"ఏ మిషను? ఇక్కడ కూడా నీ ఉద్యోగమేనా అక్కా!" యుగంధర్ విసుక్కున్నాడు.

రాణి నోరు తెరవబోయింది. దానమ్మ కళ్లతోనే ఆపేసింది.

"కోడలి మీద నింద పడుతుంటే చూస్తూ పడుకున్నావా? అదే నా మీద పడితే ఊరుకుంటావా అమ్మా?"

దానమ్మ గోడవైపు తిరిగిపోయింది.

అంతలో పొరుగింటి చిన్నతల్లి అరటిపళ్లతో వచ్చింది. ఆమెకూ షుగరే. "ఓలమ్మో, ఇదేటే దానమ్మా! నాను మాత్రం దినామూ మిషన్లో కాళ్లెట్టి కూకుంటన్నాను. సురుక్కు కూడా తెలీదు, ఎంత హాయో! మన సుహాసినే పాసు సేసింది కదా, బయమేటి?"

"నేను పాసు చేశానా? ఎవరన్నారు?"

"పిన్నీ, నువ్వు బయటికి నడు. డాక్టరు తిడతాడు," యుగంధర్ ఆమె రెక్క పట్టి లాగాడు.

దానమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "ఆగే సిన్నతల్లీ! దాన్లో కాలెట్టకు. ఈధిలో పారీయ్!"

"అమ్మా, ఒద్దు!"

"నువ్వు నోరు ముయ్‌రా! రాణీ, ఇలా రాయే. నా కడుపున పుట్టినోడి యాపారం నిలబడాలని నిన్ను బలిచ్చీసినాను."

రాణి వెంటనే కదల్లేదు. అత్త చెయ్యి చాచాక, అప్పుడు వచ్చింది. దానమ్మ కోడలి చేతిని మొహానికి అదుముకుని భోరుమంది. ఆనక తల ఎత్తి వార్డంతా వినేలా చెప్పింది.

"అక్క ఒద్దన్నాదని తెలిసీ, అక్క పేరే సెప్పి ఆ మిషన్లు ఊరంతా అమ్మినాడు. మాయమ్మే వాడతన్నాది సూడండని నా కాళ్లు సూపించి బేరాలాడినాడు. నా పాదం కాల్సినోడు నా కొడుకు యుగంధర్!"