లైటు చల్లారేదాకా

"ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఈ లైట్లు మీరు కొనకండి."

అమ్మేవాడే ఆ మాట అనేసరికి లెస్యాకి ఒళ్ళు మండింది. మార్చి నెల, కెనడాలోని విన్నిపెగ్‌లో మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్నాయి. రెండు బస్సులు మారి, సెయింట్ బోనిఫేస్ సందుల్లో ఈ గ్యారేజీ వెతుక్కుంటూ వచ్చింది. బూట్ల నిండా నీళ్ళు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ ఈ రెమీ అనే పొడుగాటి మనిషేమో, వచ్చిన బేరాన్ని గుమ్మంలోనే తరిమేస్తున్నాడు.

"ఎందుకు కొనకూడదు? మా హాలు చిన్నదనా?"

"చిన్నదనే. ఇవి పెద్ద పెద్ద స్టేజీలు తిరిగొచ్చిన లైట్లు. బరువు. వేడి. పైగా లోపలి ఫ్యాన్ల గోల."

"అమ్మకానికి ఉన్నాయని నెట్‌లో పెట్టింది మీరే కదా?"

"నేనే."

"మరి అమ్మండి!"

లెస్యా నార్త్ ఎండ్‌లోని ఉక్రేనియన్ల సంఘం హాల్లో లైట్లు చూసుకుంటుంది. డాన్సులైనా, నాటికలైనా, జోకుల ప్రోగ్రాములైనా ఓ మూల కూర్చుని మీటలు కదిపేది ఆ అమ్మాయే. అక్కడున్న లైట్లన్నీ ఎక్కడ బిగిస్తే అక్కడే కొయ్యబారి కూర్చునే రకం. డాన్సు చేసే పిల్ల హుషారుగా ఓ అడుగు ఎక్కువ వేసిందంటే చీకట్లో కలిసిపోయినట్టే. అందుకని కదిలే లైట్లు నాలుగు కొందామని కమిటీ ఎట్టకేలకు ఒప్పుకుంది. వాడినవా, కొత్తవా అన్నది తేల్చే పని మాత్రం లెస్యా నెత్తిన పెట్టింది. కమిటీ అధ్యక్షురాలు స్టెఫానియా, లెస్యాకి స్వయానా అమ్మమ్మ. కాబట్టి తప్పించుకునే దారి కూడా లేదు.

"ఒక్కసారి వెలిగించి చూపించండి. కొనాలో వద్దో నేను చెప్తాను," అంది మొండిగా.

రెమీ నిట్టూర్చి గ్యారేజీ తలుపు దించాడు. ముందుగా ఫ్యాను మోగింది, ఎవరో తలంటుకుని హెయిర్ డ్రయ్యర్ పెట్టుకున్నట్టు. ఆ తరవాత నీలం వెలుగు ఒకటి చిక్కగా పైకి లేచింది. కప్పు మీద తిరిగి, గోడ మీదుగా జారి, తుప్పు పట్టిన సైకిల్‌ని తడిమి, లెస్యా బూట్ల దగ్గరికొచ్చి ఆగింది. ఆగి, తల వంచింది.

నవ్వకూడదనుకుంటూనే లెస్యా నవ్వేసింది.

"నా బూట్లకి దండం పెట్టిస్తున్నారా?"

"పాపం, ఇంత దూరం నడిచొచ్చాయి కదా."

వెలుగు మెల్లగా తేనెరంగులోకి మారింది. అప్పుడే చటుక్కున అంతా చీకటి.

"అయ్యో! చెయ్యి తగిలింది," అన్నాడు రెమీ.

"మళ్ళీ వెయ్యండి మరి."

"వెంటనే వెలగదండీ. ఇవి పాతరకం బల్బులు. ఒకసారి ఆరితే, చల్లారేదాకా ఎంత బతిమాలినా వెలగవు. ఈలోగా కాఫీ తాగుతారా?"

పెట్టెల మీద కూర్చుని కాఫీ తాగారు. మే నెలలో వాంకూవర్ వెళ్ళి, అలాస్కా తిరిగే విహార నౌకలో లైట్ల పనికి చేరుతున్నానని రెమీ చెప్పాడు. ఈ లైట్లు అమ్ముడుపోగానే ప్రయాణం.

"ఇక్కడ పని లేకనా?"

"పనికేం, బోలెడుంది. ఒక్కణ్ణే వ్యాను తోలి, ఒక్కణ్ణే పెట్టెలు మోసి, షో అయ్యాక ఒక్కణ్ణే కూర్చుని శాండ్‌విచ్ తిని విసుగొచ్చింది. ఓడలో భోజనాల దగ్గరైనా పక్కన మనుషులుంటారు."

ఆ మాట లెస్యాకి గుండెల్లో ఎక్కడో తగిలింది. తన సంగతీ అంతే కదా. అందరూ చప్పట్లు కొడుతుంటే తను మూల చీకట్లో కూర్చునుంటుంది.

ఇంకోసారి చూడాలని వారం తిరక్కుండానే మళ్ళీ వెళ్ళింది. రంగులు సరిగ్గా చూడలేదని ఆ పైవారం కూడా వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా రెమీ చెయ్యి ఎక్కడో తగిలేది, లైటు ఆరిపోయేది, కాఫీ కాగేది. ఇంత తడబాటు మనిషి ఓడలో ఎలా నెగ్గుకొస్తాడో పాపం అని లెస్యా జాలిపడింది కూడా.

"లైట్లు చూడ్డానికి లిప్‌స్టిక్ ఎందుకే?" అంది అమ్మమ్మ గుమ్మం దగ్గర.

"చలికి పెదాలు పగులుతున్నాయి అమ్మమ్మా."

"ఎర్రగా పగులుతున్నట్టున్నాయి. సరే, ఆదివారం అతన్ని లైట్లు పట్టుకుని హాలుకి రమ్మను. కొత్తది కూడా ఒకటి షాపువాళ్ళని అడిగి తెప్పించు. రెండూ పక్కపక్కన పెట్టి ఆ రోజే తేల్చేద్దాం."

లెస్యాకి గుబులు పట్టుకుంది. వాడినవి కొంటే రెమీ ఓడెక్కి వెళ్ళిపోతాడు. కొత్తవి కొంటే ఆ గ్యారేజీ గడప తొక్కడానికి వంకే ఉండదు. ఎటు తిరిగినా ఆ మనిషి చేజారిపోయేలా ఉన్నాడు. ఇది కమిటీ ముందు పెట్టి చర్చించే విషయమా?

ఆదివారం చర్చి అయ్యాక హాల్లో పాత లైటు, కొత్త లైటు ఒకే కమ్మీకి వేలాడదీశారు. పాతదాన్ని ఎత్తడానికి రెమీకి తోడు ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. కొత్తదాన్ని లెస్యా ఒక్కతే ఎత్తేసింది. వంటింట్లోంచి వెన్నలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది. సింబలి వాయించే ఒరెస్ట్ అనే ముసలాయన స్టేజీ మీద సర్దుకుని కూర్చున్నాడు. తీగల మీద చిన్న కర్రలతో తట్టి వాయించే వాయిద్యం అది. ఆ హాల్లో ఏ డాన్సయినా దాంతోనే, అదీ చెవి ఒగ్గి వినాల్సినంత మెత్తగా, మొదలవ్వాలి.

ముందు కొత్త లైటు వేసి చూశారు. అది ఆర్పేశాక రెమీ పాత లైటు వెలిగించాడు. స్టేజీ మీద వెలుగు పరుచుకోగానే అందరూ "ఆహా" అన్నారు. ఒరెస్ట్ మళ్ళీ వాయించడం మొదలుపెట్టాడు. కర్రలు ఆడుతున్నాయి, పాట మాత్రం వినపడటం లేదు. వినపడేదల్లా ఫ్యాను మోతే.

"ఆయన వాయిస్తున్నాడా, దోమలు తోలుకుంటున్నాడా?" అంది అమ్మమ్మ.

కొత్తదానికి అంత వెలుగు లేదు. కానీ ఇందాక దాని కింద ప్రతి తీగా పలికింది. హాలు చిన్నది, కప్పు తక్కువ ఎత్తు, జనం కూర్చునేది లైట్ల కిందే. అందరూ లెస్యా వైపు చూశారు.

"కొత్తవే," అంది లెస్యా. "మన హాలుకి కొత్తవే సరిపోతాయి."

"నేను మొదటిరోజే చెప్పాను," అన్నాడు రెమీ, తల దించుకుని మిగతా కేబుళ్ళు చుడుతూ. గెలిచినవాడి మొహంలా లేదు అది.

అమ్మమ్మ కంట్రోలు బల్ల దగ్గరికొచ్చింది. "ఇంకా ఆ గోల ఎందుకు? ఆపెయ్. ఉండు, నేనే ఆపుతాను. ఏది నొక్కాలి, ఇదేనా? నొక్కినా ఆరదేం?"

"ఊరికే తాకితే ఆరదు అమ్మమ్మగారూ. గట్టిగా నొక్కి, అలాగే పట్టుకోవాలి. ఇంకాసేపు... ఇంకా... ఆఁ, ఆరింది. పొరపాటున చెయ్యి తగిలితే ఆరిపోకూడదని అలా పెట్టారు..."

చెబుతూ చెబుతూ రెమీ ఠక్కున ఆగిపోయాడు. మెల్లిగా లెస్యా వైపు చూశాడు. లెస్యా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"చెయ్యి తగిలిందా?" అంది.

"అంటే... అదీ..."

"ప్రతిసారీ తగిలిందా? గట్టిగా నొక్కి, అలాగే పట్టుకుని మరీ తగిలిందా?"

రెమీ చెవులు ఎర్రబడ్డాయి. "లైటు చూసేసి మీరు వెళ్ళిపోతారని భయం వేసింది. కూర్చోమని అడగడానికి నాకు ఇంకో దారి తట్టలేదు."

"అందుకేనా కొనకండి అన్నారు?"

"అది మాత్రం నిజంగానే అన్నాను. మీకు పనికిరాని సరుకు మీకెలా అంటగట్టను?"

లెస్యాకి కోపం తెచ్చుకుందామంటే రాలేదు. నవ్వు మాత్రం తన్నుకొచ్చింది. "నేనూ ఒకటి చెప్తాను. ఫ్యాను మోత విన్న ఆ మొదటిరోజే కొత్తవి కొనాలని తేల్చేసుకున్నాను."

రెమీకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "మరి ఆ తరవాత ఎందుకొచ్చారు?"

"కాఫీ బాగుంటుందని!"

"అంత చెత్త కాఫీ ఊళ్ళోనే ఉండదు."

"ఇంకా అర్థం కాలేదా మొద్దూ?"

ఒరెస్ట్ మర్యాదగా వాయిద్యం మీద గుడ్డ కప్పుతున్నట్టు నటించాడు. అమ్మమ్మ ఏ మర్యాదా పాటించకుండా కుర్చీ లాక్కుని ఎదురుగానే కూర్చుంది.

"బ్రాండన్‌లో ఒక బ్యాండు వాళ్ళు ఈ లైట్లు అడుగుతున్నారు," అన్నాడు రెమీ నెమ్మదిగా. "వాళ్ళవి ఆరుబయట షోలు, గోల లెక్క కాదు. వాళ్ళకి ఇచ్చేస్తే ఇక నన్ను ఇక్కడ ఆపేదేమీ ఉండదు."

"నేను ఆపుతున్నాను. వెళ్ళకు."

ఇన్నాళ్ళూ వెలుగంతా వేరేవాళ్ళ మీద వేసిన పిల్ల, ఈ రోజు నలుగురి మధ్యా నిలబడి తన మనసులో మాట తనే చెప్పుకుంది. రెమీ రెండడుగుల్లో దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వెళ్ళను," అన్నాడు.

"చేతులు పట్టుకోవడం తరవాత," అంది అమ్మమ్మ. "ముందు ఆ ఓడవాళ్ళకి ఫోన్ చెయ్యి అబ్బాయ్. వాళ్ళు పాపం ఇంకో మనిషిని చూసుకోవద్దూ?"

రెమీ అక్కడికక్కడే తనను పనిలో పెట్టుకున్న మేనేజరుకి ఫోన్ చేశాడు. రాలేనని చెప్పి, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, లెస్యా వైపు తిరిగాడు.

"ఎందుకని అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

"ఇక్కడే పని దొరికిందని చెప్పు," అంది లెస్యా గుసగుసగా.

"చర్చి నుంచి వచ్చి గంట కాలేదు, అప్పుడే అబద్ధాలా?" అమ్మమ్మ కసిరింది. "పిల్ల దొరికిందని చెప్పు!"

రెమీ ఫోన్‌లో అదే చెప్పాడు. అవతలి మనిషి నవ్విన నవ్వు హాలు చివరిదాకా వినపడింది.